ఉడుం పట్టు: పాత మినీ బైకు ముందు ఫోర్కుల డైరీ

1వ రోజు

హ్యాండిల్ పట్టుకుని ఒంటి బరువంతా వేసి నొక్కాను. టైరు కాస్త అణిగి లేచింది తప్ప ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టపు కాళ్లు, వెంట్రుకవాసి కూడా దిగలేదు. ముందు చక్రాన్ని గోడకు ఆనించి తోసి చూశాను, అదీ అంతే. రెండూ ఉడుం పట్టు పట్టి కూర్చున్నాయి.

బండి గురించి రెండు మాటలు. 1970ల నాటి మినీ బైకు. ఉక్కు పైపుల ఫ్రేము, తాడు లాగి స్టార్టు చేసే ఒంటి సిలిండరు ఇంజను, ఇంజను వేగం పెరిగితే తనంతట తానే పట్టుకునే సెంట్రిఫ్యూగల్ క్లచ్, ఒక చైను. గేర్లు లేవు, బ్యాటరీ లేదు. ట్యాంకు మీది పేరు ఏనాడో చెరిగిపోయింది. ఇలాంటి చిన్న బళ్లకు ముందు సస్పెన్షన్ ఉండటమే అప్పట్లో విశేషం. హోండా 1967లో తెచ్చిన జెడ్50ఎం మంకీ బండికి ముందూ వెనకా ఎక్కడా స్ప్రింగు లేదు. ఆ తర్వాతి జెడ్50ఏలో ముందు ఫోర్కులకు స్ప్రింగులు వచ్చాయి కానీ వెనక చక్రానికి 1972 మోడల్ దాకా ఆ భాగ్యం దక్కలేదు. నా బండిదీ అదే పద్ధతి. వెనక ఫ్రేము బిగుసుగా ఉంటుంది కాబట్టి గుంతలో పడ్డప్పుడు కాస్తో కూస్తో కాచుకునేవి ముందు ఫోర్కులే. అవి పనిచేయకపోతే దెబ్బంతా మణికట్లకూ, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్ బేరింగులకూ, ఫ్రేము వెల్డింగులకూ పోతుంది. అందుకే ఇంజను జోలికి పోకముందే వీటిని చేతిలోకి తీసుకున్నాను.

సుత్తి పట్టేముందు ఒక చిన్న పరీక్ష చేశాను. రెండు ఫోర్కుల్ని పైన టీలూ (హ్యాండిల్ కింద ఫోర్కుల్ని పట్టి ఉంచే అడ్డ క్లాంపులు), కింద ఇరుసూ కలిపి కట్టేస్తాయి. ఇరుసు బిగింపులో రవ్వంత వంకర ఉన్నా రెండు కాళ్లూ ఒకదాన్నొకటి లాక్కుని, తుప్పు లేకపోయినా పట్టేసినట్టే కనిపిస్తాయి. కాబట్టి ముందు ఇరుసు నట్టు వదులు చేసి మళ్లీ నొక్కి చూడాలి. కొన్ని బళ్లు అక్కడితోనే బాగుపడతాయి. నాది బాగుపడలేదు. కానీ నట్టు వదలగానే టక్కుమని ఒక శబ్దం వచ్చింది, కుడి కాలు కొంచెం బయటికి జరిగింది. ఆ శబ్దాన్ని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

2వ రోజు

చక్రం తీశాను. మడ్‌గార్డు తీశాను. రబ్బరు తొడుగులు చేత్తో పట్టుకోగానే బిస్కట్టులా విరిగిపోయాయి. వాటి లోపల ఎర్రటి బురద. గ్రీజు అని చెప్పదగినది ఏమీ లేదు.

ఈ ఫోర్కు కట్టుబడి చాలా తేలిక. టీలు పట్టుకుని ఉండేది 25 మి.మీ. ఫోర్కు పైపు, దాని మీద క్రోమియం పూత. అది కిందున్న బాటమ్ అనే బయటి గొట్టంలోకి దూరి పైకీ కిందికీ జారుతుంది. బాటమ్ నోటి దగ్గర ఒక బుష్ (పైపు జారేందుకు చుట్టూ ఉండే పొట్టి గొట్టం), దాన్ని పట్టి ఉంచే కాలర్ నట్టు. ఫోర్కు పైపు కింది చివర ఒక రింగు, అది బాటమ్ లోపలి గోడకు ఆనుకుని నడుస్తుంది. లోపల స్ప్రింగు. నూనె లేదు, ఊపును అణిచే డ్యాంపింగ్ లేదు, జారేందుకు గ్రీజు మాత్రమే. బాటమ్ అడుగున స్ప్రింగు కూర్చునే బిళ్లను కదలకుండా ఉంచే 8 మి.మీ. బోల్టు ఒకటి ఉంది. ఈ బోల్టు ముందుముందు చాలా పనికొచ్చింది.

స్కేలు పెట్టి కొలిస్తే బాటమ్ పైన కనిపిస్తున్న క్రోమియం పైపు 38 మి.మీ. ఉంది. కానీ పైపు మీద పాత రాపిడి గీతలు చూస్తే, బండి ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు దాదాపు 60 మి.మీ. బయట ఉండాలి. అంటే ఫోర్కులు లోపలికి నొక్కుకుని ఉన్నప్పుడే పట్టేశాయి. ఎవరో బండిని ముందు భాగం లాగి కట్టి ఏళ్ల తరబడి వదిలేసి ఉంటారు. దీనివల్ల ఒక ప్రమాదం ఉంది. లోపల స్ప్రింగులు ఇంకా అణిగే ఉన్నాయి. తుప్పు వదిలిన క్షణంలో బాటమ్ బాణంలా దూసుకురావచ్చు. పైమూత మరలు వదులు చేస్తే మూత మొహం మీదికి రావచ్చు. అందుకని ముందు పైమూతల్ని తీశాను. గుడ్డ కప్పి, అరచేత్తో అదిమిపట్టి, మొహం పక్కకు పెట్టి, ఒక్కో చుట్టూ తిప్పుతూ. రెండూ చివరి మరలో గట్టిగా తన్నాయి. స్ప్రింగులు పైనుంచి బయటికి వచ్చేశాయి. మూతలు మళ్లీ బిగించాను. ఇక భయం లేదు.

పైపులు వంగాయేమో కూడా చూశాను. వంగిన ఫోర్కుకు ఎంత నూనె పోసినా దండగ. ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెనక దీపం పెట్టి, నాలుగు వైపులా తిప్పుతూ వెలుతురు ఎక్కడ తొంగిచూస్తుందో చూశాను. కనిపించినంత మేర రెండూ సూటిగానే ఉన్నాయి.

3వ రోజు

తుప్పు ఇంత గట్టిగా ఎలా పట్టుకుంటుందో ఆలోచిస్తే పని తేలికవుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండింతలకు పైగా చోటు కోరుతుంది. నీరు కలిసిన తుప్పయితే ఇంకా ఎక్కువ. ఒకదానిలో ఒకటి జారే చోట సందు మిల్లీమీటరులో పదో వంతు. ఆ కాస్త సందులో తుప్పు పొంగి రెండు గోడల మధ్యా చెక్క కొట్టినట్టు బిగుసుకుంటుంది. దాన్ని సుత్తితో బాదితే వదలదు. బాటమ్‌కు ఇరుసు పట్టే చెవి వెల్డింగు విరుగుతుంది, లేదా బాటమ్ నోరు సొట్టపడుతుంది. అప్పుడు కొత్త బుష్ కూడా అందులో కూర్చోదు.

కాలర్ నట్ల చుట్టూ తుప్పు వదిలించే నూనె పోశాను. అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సగం సగం కలిపి ఇంట్లోనే చేసుకునే మిశ్రమం ఇది. రెండూ కలిసి ఉండవు, ప్రతిసారీ సీసా ఊపి వెంటనే పోయాలి. పల్చగా ఉంటుంది కాబట్టి సందుల్లోకి చకచకా పాకుతుంది. అయితే అసిటోన్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా నిప్పంటుకుంటుంది. ఈ నూనె వాడిన రోజున ఆ గదిలో మంటా, హీట్ గన్నూ రెండూ నిషేధం అని పెట్టుకున్నాను. అలాగే క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో కడిగిన భాగాన్ని ఎప్పుడూ వేడిచేయకూడదు. అందులోంచి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

పొద్దునా సాయంత్రం పోయడం, రబ్బరు సుత్తితో బాటమ్ చుట్టూ చిన్నగా తట్టడం. ఈ తట్టడం విరగ్గొట్టడానికి కాదు. అదురుకు తుప్పులో సన్నటి పగుళ్లు వస్తే నూనె లోపలికి దిగుతుంది.

4, 5 రోజులు

అదే పని.

6వ రోజు

ఈ రోజు ఎడమ కాలు వదిలింది.

పట్టుకునేందుకు ఏం వాడాలన్నదే ముఖ్యం. క్రోమియం పైపును నేరుగా వైసు పళ్లలో బిగిస్తే దాని బతుకు అక్కడితో ముగుస్తుంది. నేను కింది టీనే పట్టుగా వాడుకున్నాను. టీ కాండాన్ని రెండు చెక్కముక్కల మధ్య వైసులో బిగించి, ఫోర్కు కాలును దాని మామూలు స్థానంలోనే పెట్టి క్లాంపు బోల్టు బిగించాను. టీ పట్టు పైపు చుట్టూ సమంగా ఉంటుంది, ఎక్కడా గీత పడదు. తిప్పేందుకు బండి ఇరుసునే బాటమ్ చెవిలో దూర్చాను. రెండు చేతులకూ చెరో వైపు పట్టు దొరికింది. ఇంకా పొడవు పైపు తగిలిస్తే బలం పెరుగుతుంది, నిజమే, కానీ ఆ బలమంతా భరించేది చెవి దగ్గరి పాత వెల్డింగు. చేతులకు సాధ్యమైనంతే నాకు హద్దు.

నిన్న రాత్రి నుంచి నూనె పోయలేదు, కాలును ఆరుబయట పెట్టి అసిటోన్ పూర్తిగా ఎగిరిపోనిచ్చాను. తర్వాత బాటమ్ నోటి దగ్గర హీట్ గన్ పెట్టాను. లెక్క ఇది: ఉక్కు ఒక్కో డిగ్రీకి తన కొలతలో లక్షకు సుమారు 1.2 వంతు వ్యాకోచిస్తుంది. 26 మి.మీ. రంధ్రం ఉన్న బాటమ్‌ను 100 డిగ్రీలు వేడెక్కిస్తే ఆ రంధ్రం 0.03 మి.మీ. విప్పారుతుంది. చూడటానికి చాలా తక్కువే, కానీ తుప్పు పగలడానికి అది చాలు. షరతు ఒక్కటే. బయటి గొట్టమే వేడెక్కాలి, లోపలిది చల్లగా ఉండాలి. నిదానంగా వేడిచేస్తే రెండూ కలిసి పెరుగుతాయి, లాభం సున్నా. అందుకే లోపలి పైపుకు తడిగుడ్డ చుట్టి, బయట మాత్రం త్వరత్వరగా వేడి పెట్టాను. మంట ఎందుకు వాడలేదంటే లోపల బుష్ దేనితో చేశారో నాకు అప్పటికి తెలియదు. తెలియని చోట మంట పెట్టను.

మొదట కాలర్ నట్టు సీ స్పానరుకు లొంగింది. తర్వాత బాటమ్‌ను ఎడమకూ కుడికీ తిప్పడానికి ప్రయత్నిస్తూ ఉన్నాను. లాగడం కాదు, తిప్పడమే. లాగితే ఎంత బలం పెట్టినా మన చేతి బలమే. తిప్పితే ఇరుసు పొడవు తోడొస్తుంది. నాలుగోసారి వేడి పెట్టాక ఒక గింజంత కదిలింది. వెనక్కి తిప్పాను. మళ్లీ ముందుకి. ఇలాంటి చోట ఒకే వైపు తిప్పుకుంటూ పోకూడదు. విరిగిన తుప్పు పొడి ఒక చోట పోగై మళ్లీ బిగుసుకుంటుంది. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, ఒక చుక్క మామూలు నూనె, మళ్లీ కొంచెం. ముప్పావు గంటకు బాటమ్ చుట్టూ తిరిగింది. ఇంకో పది నిమిషాలకు చేతిలోకి వచ్చేసింది.

బయటికొచ్చిన ముక్కల్ని చూసి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఫోర్కు పైపు మీద తుప్పు నేను ఊహించిన దానిలో సగం కూడా లేదు. బుష్ నైలాన్‌ది. పైపు మీద శుభ్రంగా ఉన్న చోటికి జరిపి చూసినా అది గట్టిగానే పట్టింది. అప్పుడు అర్థమైంది. నైలాన్ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. బయట ఉక్కు గోడ ఉంది కాబట్టి బయటికి ఉబ్బే వీలు లేదు, లోపలికి ఉబ్బి పైపు మెడ పట్టుకుంది. నిజమో కాదో తేల్చుకోవడానికి బుష్‌ను కిటికీ దగ్గర ఎండలో పెట్టాను.

ఈ కాలును పట్టింది ఎక్కువ భాగం తుప్పు కాదు, ఉబ్బిన బుష్. నేను మూడు రోజులుగా తుప్పుకు వైద్యం చేశాను. వదిలించింది మాత్రం, నా అంచనాలో, వేడి. తడి ఆరి నైలాన్ కాస్త ముడుచుకుని ఉంటుంది.

7వ రోజు

ఎడమ కాలి పాఠాన్ని నేరుగా కుడి కాలికి వర్తింపజేశాను. కాలర్ నట్టు ఊడింది. బుష్ ఉన్న చోట వేడి, తిప్పుడు, నూనె, మళ్లీ వేడి. సాయంత్రం దాకా చేశాను. ఏమీ కదల్లేదు. వేడి పెంచడానికి వీల్లేదు, ఎందుకంటే మామూలుగా వాడే నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కరిగి సందులో పాకితే ఇక ఆ కాలును కోసి తీయాల్సిందే.

8వ రోజు

కాలును వైసులోంచి తీసి తలకిందులుగా పెట్టి, అడుగు బోల్టు విప్పాను. బోల్టు ఊడిన రంధ్రంలోకి సన్నటి తీగ పెట్టి కదిపి, మళ్లీ కాలును సరిగ్గా నిలబెట్టాను. అరకప్పు గోధుమరంగు నీళ్లు కారాయి.

నీరు పల్లమెరుగు అంటారు. చిరిగిన తొడుగులోంచి దిగిన వాన నీరు బుష్ పక్క నుంచి జారి బాటమ్ అడుక్కి చేరింది. బయటికి పోవడానికి దారి లేదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంది. ఫోర్కులు నొక్కుకుని ఉన్నాయి కాబట్టి పైపు కింది చివరి రింగు సరిగ్గా ఆ నీళ్లలోనే మునిగి ఉంది. ఆ రింగు ఉక్కు, దాన్ని చుట్టుకున్న గోడ ఉక్కు. ఎడమ కాలిలో అడుగున నీళ్లు లేవు. దాని బోల్టు వాషరు చిట్లి ఉండటం వల్ల నీరు ఎప్పటికప్పుడు కారిపోయింది, కారుతున్న వాషరే ఆ కాలును కాపాడింది.

నేనేమో ఐదు రోజులుగా పైనుంచి నూనె పోస్తున్నాను. అది నైలాన్ బుష్ దాటి దిగిందో లేదో, దిగినా కింద నీటి మీద తేలిందే తప్ప తుప్పును తాకలేదు. నూనె నీటి మీద తేలుతుందన్న సంగతి ఎవరికి తెలియదు! తెలిసినదాన్ని ఇక్కడికి తెచ్చి ఆలోచించలేదు. పట్టేసిన భాగం ఏదైనా, నీరు ఎక్కడ నిలుస్తుందో ముందు అక్కడ చూడాలని ఈ డైరీ చదివే ఎవరికైనా గట్టిగా చెబుతాను. అడుగు బోల్టు విప్పడానికి పట్టింది రెండు నిమిషాలు. అది మొదటి రోజే చేయాల్సిన పని.

నీళ్లు పూర్తిగా వంచేసి, హీట్ గన్ గాలితో ఆరబెట్టి, చల్లారాక కాలును తలకిందులుగా కట్టి, అడుగు రంధ్రంలోంచి నూనె నింపాను. ఇప్పుడు నూనె తన బరువుతోనే రింగు మీద నిలిచి ఉంటుంది.

11వ రోజు

మూడు రోజులు నానింది. తిప్పితే కదల్లేదు. కానీ నూనె మట్టం నాలుగు మి.మీ. తగ్గింది, కింద బుష్ వైపు తడి కనిపిస్తోంది. అంటే ఎక్కడో దారి పడింది.

లేతు పని తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి కాలును తీసుకెళ్లాను. చేతిలో తిప్పి చూసి, "కొట్టావా?" అని అడిగారు.

"లేదన్నా, రబ్బరు సుత్తితో తట్టాను అంతే."

"మంచి పని చేశావు. ఇక లాగొద్దు. లోపలి నుంచి తొయ్యి."

ఆయన చెప్పిన పద్ధతి గ్రీజు గన్. అడుగు బోల్టు లాంటిదే ఇంకో 8 మి.మీ. బోల్టు తీసుకుని, నిలువునా మధ్యలో 3 మి.మీ. రంధ్రం వేసి, తలలో మరలు తీసి, గ్రీజు గన్ తగిలించే గ్రీజు నిప్పిల్ బిగించి ఇచ్చారు. కింద రాగి వాషరు. దాన్ని బాటమ్ అడుగున బిగించి, పైన ఫోర్కు పైపు మూత కూడా రాగి వాషరుతో గట్టిగా బిగించి, గ్రీజు కొడితే లోపలంతా గ్రీజు నిండుతుంది. నిండాక దానికి పోయే చోటు లేదు, పైపునూ బాటమ్‌నూ విడదీయాల్సిందే.

ఎంత బలం వస్తుందో లెక్క చూడండి. 25 మి.మీ. వ్యాసం అంటే 4.9 చదరపు సెంటీమీటర్లు. చేతి గ్రీజు గన్‌తో 100 బార్ ఒత్తిడి కష్టపడకుండానే వస్తుంది. 100 బార్ దగ్గర ఆ వైశాల్యం మీద పడే బలం దాదాపు 500 కిలోల బరువుతో సమానం. అదీ అచ్చంగా పైపు నడిమధ్య గీత మీద, ఏ పక్కకీ వంచకుండా. ఏ సుత్తీ అంత సూటిగా కొట్టలేదు.

ఇదే పని గాలి కంప్రెసరుతో చేయకూడదు. గాలి అణిగి శక్తిని దాచుకుంటుంది, వదిలినప్పుడు పైపును తుపాకీ గుండులా విసురుతుంది. గ్రీజు దాదాపు అణగదు కాబట్టి పైపు అర మిల్లీమీటరు కదిలితే చాలు, ఒత్తిడి వెంటనే పడిపోతుంది. దీనికీ ఒక ప్రమాదం లేకపోలేదు. సన్నటి సందులోంచి ఎక్కువ ఒత్తిడితో చిమ్మే గ్రీజు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆస్పత్రికి పోవాల్సిన గాయం అది. కాబట్టి కారుతున్న చోట వేలు పెట్టి చూడటం అసలే వద్దు.

12వ రోజు

గ్రీజు ఎక్కువ పట్టకుండా పైపు లోపల 16 మి.మీ. కడ్డీ ఒకటి వేశాను. మూత బిగించే ముందు అడుగు నుంచి గ్రీజు కొడుతూ, పైన గాలి బుడగలు లేకుండా గ్రీజు ఉబికి వచ్చేదాకా ఆగాను. లోపల గాలి మిగిలితే నిన్న రాసిన ప్రమాదమే వస్తుంది. తర్వాత మూత బిగించి, కాలును మందపాటి గోనెపట్టాలో చుట్టి, పైపును టీలో పట్టించి కొట్టడం మొదలుపెట్టాను.

మొదటి పది సార్లు పంపు తేలిగ్గా నడిచింది. తర్వాత బిగిసింది. బుష్ వైపు నుంచి సన్నగా నూనె, దాని వెనక గోధుమరంగు బురద బయటికి రావడం మొదలైంది. పంపు నొక్కి పట్టుకుని ఆగాను. ఆగడమే ఇందులో కిటుకు. ఒత్తిడి పెట్టి వదిలేస్తే గ్రీజు తన పని తాను చేసుకుంటుంది. ఐదు నిమిషాలు. మళ్లీ ఒకసారి నొక్కాను. మళ్లీ ఐదు నిమిషాలు. ఎడంచేత్తో రబ్బరు సుత్తితో బాటమ్ మీద చిన్న తట్టు.

గోనెపట్టాలోంచి ఎండుకొమ్మ విరిగినట్టు శబ్దం వచ్చింది. పంపు పిడి ఒక్కసారిగా తేలికైంది. పట్టా విప్పి కొలిచాను. 38 మి.మీ. ఉన్నది 41 అయింది.

ఆ మూడు మిల్లీమీటర్లు చూసుకున్నప్పటి ఆనందం మాటల్లో పెట్టలేను. పన్నెండు రోజుల్లో ఆ కాలు మొదటిసారి కదిలింది.

ఆ తర్వాత ఒక్కో పంపుకూ రెండు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంది. 90 దాటాక గ్రీజు పక్కల నుంచి కారిపోయింది, ఒత్తిడి నిలవలేదు. అప్పటికి పైపు తిరుగుతోంది కాబట్టి తిప్పుతూ చేత్తోనే లాగేశాను.

13వ రోజు

ముక్కలన్నీ బల్ల మీద పరిచి చూశాను. కుడి పైపు కింది రింగు బయటి ముఖమంతా గుంటలు. దానికెదురుగా బాటమ్ లోపల రెండు వేళ్ల వెడల్పున తుప్పు పట్టీ. పైభాగం మాత్రం రెండు కాళ్లలోనూ బాగానే ఉంది. ఎండలో పెట్టిన నైలాన్ బుష్ ఇప్పుడు పైపు మీద అడ్డూ ఆపూ లేకుండా జారుతోంది. అనుమానం నిజమే.

స్ప్రింగుల పొడవు ఎడమది 215, కుడిది 209 మి.మీ. కుడి స్ప్రింగు అడుగు చుట్లు తుప్పుకు కొంచెం సన్నబడ్డాయి. విరిగేంత కాదు. 6 మి.మీ. ఉక్కు బిళ్ల ఒకటి కింద వేసి సమం చేద్దామని నిర్ణయించుకున్నాను. కొత్త జత దొరికినప్పుడు రెండూ ఒకేసారి మారుస్తాను.

14, 15 రోజులు

శుభ్రం చేసే పని. బాటమ్ లోపలి తుప్పుకు బ్రష్ అందదు. విద్యుత్తుతో తుప్పు తీసే పద్ధతి ఉంది కానీ, కరెంటు ఎదురెదురుగా ఉన్న చోటే బాగా పనిచేస్తుంది, గొట్టం లోపలికి పోదు. అందుకని బాటమ్‌నే పాత్రగా వాడాను. అడుగు బోల్టు రబ్బరు వాషరుతో బిగించి, లోపల చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, మధ్యలో బాటమ్‌ను తాకకుండా ప్లాస్టిక్ ముక్కలతో ఒక మామూలు ఇనుప కడ్డీ నిలబెట్టాను. 12 వోల్టుల చార్జరు మైనస్ బాటమ్‌కు, ప్లస్ కడ్డీకి. ఇది తారుమారైతే కడ్డీకి బదులు బాటమ్ కరిగిపోతుంది. కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, దానిలోని క్రోమియం విషపూరితంగా మారి నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తూనే ఉంటాయి కాబట్టి ఈ పని ఆరుబయటే చేశాను. ఆరు గంటల తర్వాత తుప్పు నల్లటి మెత్తటి మడ్డిగా మారి గుడ్డకు వచ్చేసింది.

స్ప్రింగుల్ని మాత్రం ఇందులో వేయలేదు, ఆమ్లంలోనూ ముంచలేదు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే అది పెళుసెక్కి ఒకరోజు చెప్పకుండా విరుగుతుంది. వాటికి వైరు బ్రష్, నూనె గుడ్డ చాలు.

క్రోమియం పైపుల మీది తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నలిపి నీళ్లలో తడిపి రుద్దాను. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తన, గీతలు పడవు. ఎమరీ కాగితం కన్నా నాకు ఇదే నచ్చింది. మిగిలిన సన్నటి గుంటల్లో గట్టిపడే జిగురు ఎపాక్సీ నింపి సమం చేశాను. నూనె సీలు ఉన్న ఫోర్కు అయితే ఇది చాలదు, మళ్లీ క్రోమియం చేయించాలి. గ్రీజు ఫోర్కుకు ఇబ్బంది లేదు.

18వ రోజు

ఆ పెద్దాయన లేతు మీద కొత్త ముక్కలు తిప్పి ఇచ్చారు. పైన నైలాన్‌కు బదులు అసిటాల్ బుష్‌లు. అది కూడా ప్లాస్టిక్కే, కానీ నీటిని చాలా తక్కువ పీలుస్తుంది. కింద ఉక్కు రింగులకు బదులు కంచు రింగులు. ఉక్కు మీద ఉక్కు ఉండబట్టే కదా ఇంత తంటా. సందు 0.1 మి.మీ. పెట్టించాను. అంతకన్నా బిగువుగా అడిగితే ఆయన ఒప్పుకోలేదు. "ఇది గడియారం కాదు, మట్టిలో తిరిగే బండి. దానికి ఊపిరాడనివ్వు" అన్నారు.

బిగించేటప్పుడు కుడి కాలిలో మిగిలిన పాత గ్రీజునంతా కిరోసిన్‌తో కడిగి తీశాను. లోపల గ్రీజు నిండుగా మిగిలితే, విడదీసినప్పుడు ఎలా తోసిందో నొక్కినప్పుడూ అలాగే అడ్డం పడుతుంది, ఫోర్కు మళ్లీ బండరాయే. బుష్‌లకూ రింగులకూ స్ప్రింగు చుట్లకూ నీటికి కొట్టుకుపోని రకం గ్రీజు పూత, అంతే. కొత్త రబ్బరు తొడుగుల అడుగున ఒక్కోదానికి 3 మి.మీ. రంధ్రం పెట్టాను. నీరు రాకుండా ఆపడం ఎలాగూ పూర్తిగా కుదరదు, వచ్చిన నీటికి దారి ఉండాలి.

19వ రోజు

అంతా బిగించాను. హ్యాండిల్ మీద నొక్కాను. సగం దూరం దిగి ఆగింది. లేచేటప్పుడు కుడివైపు ఆలస్యంగా లేచింది.

విడివిడిగా రెండు కాళ్లూ బల్ల మీద గాలిలా జారాయి. ఒక్కచోట చేరిస్తే పట్టేస్తున్నాయి. అప్పుడు 1వ రోజు రాసుకున్న ఆ టక్కుమన్న శబ్దం గుర్తొచ్చింది. ఇరుసు నట్టు వదులు చేశాను. మళ్లీ అదే శబ్దం, కుడి కాలు బయటికి జరిగింది, ఫోర్కులు పూర్తిగా దిగి లేచాయి. చక్రం నడిమి హబ్ పక్కన, కాలికీ హబ్‌కూ మధ్య ఎడం ఉంచే స్పేసరు గొట్టం పొట్టిది. కొలిస్తే 1.5 మి.మీ. తక్కువ. నట్టు బిగించిన ప్రతిసారీ కుడి కాలును లోపలికి లాక్కుంటోంది. ఏ కాలంలోనో ఎవరో అందుబాటులో ఉన్న గొట్టం ముక్క వేసి వదిలేసి ఉంటారు. కుడి పైపు ఒక పక్కనే క్రోమియం ఎందుకు ఎక్కువ అరిగిందో కూడా ఇప్పుడు తెలిసింది.

సరైన కొలతకు స్పేసరు చేయించి వేశాను. ఈసారి బిగించే వరుస కూడా మార్చాను. టీ బోల్టులన్నీ వదులుగా ఉంచి, ముందు ఇరుసు బిగించి, ఫోర్కుల్ని పది సార్లు పూర్తిగా నొక్కి వదిలి, కాళ్లు తమంతట తాము సర్దుకున్నాక కింది టీ, చివర పై టీ బిగించాను.

20వ రోజు

ఎడమ పైపుకు ఒక జిప్ టై చుట్టి బాటమ్ నోటికి ఆనించి, బండిని తోసుకుంటూ ఎక్కి మెట్టంత ఎత్తున్న గట్టు దిగాను. మళ్లీ రెండుసార్లు దిగాను. జిప్ టై 46 మి.మీ. పైకి జరిగి ఉంది. మొత్తం కదలిక 60. అడుక్కి తగల్లేదు, మధ్యలో పట్టలేదు, రెండు కాళ్లూ ఒకేసారి లేచాయి.

అడుగు బోల్టులు విప్పి చూశాను. పొడిగా ఉన్నాయి. మొదటి వాన తర్వాత మళ్లీ విప్పి చూస్తాను. రేపటి నుంచి కార్బురేటరు.